నేనెక్కితే ఆగే బండి

జూన్ 3, మంగళవారం

వంతెన ఎక్కుతుండగా సరిగ్గా నడిమధ్యలో నా బ్యాటరీ స్కూటరు చచ్చి ఊరుకుంది. ముందు ఓ చప్పుడు లేదు, ఓ వాసన లేదు. స్క్రీన్ నల్లబడింది, యాక్సిలరేటర్ చేతిలో ఊరికే తిరిగింది. వెనక బస్సు. ఆ డ్రైవర్ హారన్ మీద చెయ్యి వేసి తీస్తేగా! నేనేదో గాలి పీల్చుకోవడానికి ఆగినట్టు కిటికీలోంచి తల బయటపెట్టి మరీ తిట్టాడు. నేనూ తిట్టాను. అతనికి వినపడలేదు, అదొక్కటే బాధ.

పక్కకి తోసుకెళ్ళి తాళం తీసి మళ్ళీ తిప్పాను. ఏమీ ఎరగనట్టు లైట్లన్నీ వెలిగాయి. ఛార్జింగ్ డెబ్బై శాతం చూపిస్తోంది. దొంగమొహం బండి.

నా పని ఇళ్ళకి వెళ్ళి రక్తం తీసి ల్యాబ్‌కి చేర్చడం. ట్యూబులు డబ్బాలో ఎక్కువసేపు ఉంటే పాడైపోతాయి. పాడైతే ఆ మనిషికి మళ్ళీ సూది గుచ్చాలి. నేను దారిలో ఆలస్యమైతే ఎవరో ఇంకోసారి చెయ్యి చాపాలన్నమాట.

సాయంత్రం మా ఆయనకి చెప్పాను. ఫోన్‌లోంచి తల ఎత్తకుండా ఛార్జింగ్ పెట్టావా అన్నాడు. రోజూ ఆ ఇటుకల మూటలాంటి బ్యాటరీని సీటు కిందినుంచి పీకి మూడంతస్తులు మోసుకొచ్చి ఛార్జింగ్ పెట్టేది ఎవరు? నేను. పొద్దున్నే మళ్ళీ కిందికి మోసేది? అదీ నేనే. అయినా ఆ ప్రశ్న అడగడానికి నోరెలా వచ్చిందో.

ఇది ఎవరూ చదవడానికి కాదు. చెబితే వినేవాళ్ళు లేక రాస్తున్నాను.

జూన్ 4, బుధవారం

ఇవాళ ఒక్కసారి కూడా ఆగలేదు. అందుకూ నాకు కోపంగానే ఉంది.

జూన్ 6, శుక్రవారం

రెండుసార్లు. ఒకటి స్కూలు ముందు స్పీడ్‌బ్రేకర్ దిగగానే, ఇంకోటి ఆసుపత్రి వెనక గతుకుల సందులో. సందులో పడబోయి గోడ పట్టుకున్నాను. మోచెయ్యి గీరుకుపోయింది.

ఇంటికొచ్చి మోచెయ్యి చూపిస్తే మా ఆయన అప్పుడు లేచాడు. కిందికి దిగి, బండెక్కి, వీధి చివరిదాకా వెళ్ళొచ్చాడు. కావాలని ప్రతి గుంతలోంచీ పోనిచ్చాడు. వెన్నలా పోతోంది, దీనికేం రోగం అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? యాక్సిలరేటర్ తిప్పడం నీకు సరిగ్గా రాదు, ఒక్కసారి తిప్పేసి ఒక్కసారి వదిలేస్తావు, అందుకే కట్ అయిపోతుంది అని పాఠం మొదలుపెట్టాడు. ఏడాదిన్నరగా ఎండా వానా అనకుండా నేను నడుపుతున్న బండి ఇది. ఆయన ఆదివారం పూట షేవింగ్ బ్లేడు కొనుక్కోవడానికి వీధి చివరికి నడుపుతాడు. పాఠం మాత్రం నాకు.

అత్తయ్య బాల్కనీలోంచి చూస్తోంది. వాడు నడిపితే బాగానే ఉందిగా అంది. ఆవిడ ఎప్పుడూ అంతే. ఒక్క ముక్క అంటుంది, అది ములుకులా దిగుతుంది, తర్వాత లోపలికి వెళ్ళిపోతుంది.

జూన్ 7, శనివారం

షోరూమ్‌కి తీసుకెళ్ళాను. అక్కడ సర్వీస్ చూసే మనిషి నిండు విగ్రహం. అతను కూర్చుంటే బండి ఒక్క జానెడు కిందికి దిగింది. రెండు రౌండ్లు తిప్పుకొచ్చాడు. తర్వాత ల్యాప్‌టాప్‌కి వైరు తగిలించి, బండిలో ఒక్క ఎర్రర్ కూడా రికార్డ్ కాలేదు మేడం అన్నాడు. జాబ్ కార్డు మీద నో ఫాల్ట్ అని రాసి సంతకం చేసి చేతిలో పెట్టాడు.

అయ్యా, కరెంటే పోయినప్పుడు ఆ బండి తనకి కరెంటు పోయిందని ఎక్కడ రాసుకుంటుంది అని అడిగాను. నవ్వాడు. మీరు కొంచెం టెన్షన్ మనిషిలా ఉన్నారు, బ్రేకూ యాక్సిలరేటరూ ఒకేసారి పట్టుకుంటున్నారేమో చూసుకోండి అన్నాడు. పైగా పోతూ పోతూ, సీటు భలే మెత్తగా ఉంది, ఎక్కడ చేయించారు అని అడిగాడు. మా ఆయన చేయించాడని చెప్పాను. ఆ మాటకి మాత్రం మెచ్చుకుంటూ తల ఊపాడు.

అతనికి నో ఫాల్ట్ గారు అని పేరు పెట్టాను.

షోరూమ్ గేటు దాటి మలుపు తిరిగానో లేదో, ఆగింది. ఒట్టు. వెనక్కి తోసుకెళ్ళేసరికి మళ్ళీ వెలిగింది. నో ఫాల్ట్ గారు గాజు తలుపు వెనకనుంచి నన్ను చూసి చెయ్యి ఊపాడు. నాకు ఆ గాజు పగలగొట్టాలనిపించింది.

జూన్ 9, సోమవారం, సాయంత్రం

ఇక ఎవరి కాళ్ళూ పట్టుకోదలుచుకోలేదు. వీడియోలు చూశాను. బ్రేకు లివర్లో ఒక చిన్న స్విచ్ ఉంటుందట, అది ఇరుక్కుంటే మోటరు ఆగుతుందట. విప్పి చూశాను, శుభ్రంగా ఉంది. సైడ్ స్టాండ్ దగ్గర ఇంకోటి. దానికి పట్టిన బురదంతా పాత టూత్‌బ్రష్‌తో గీకేశాను.

అంతా అయ్యాక బుర్రకి తట్టింది. బ్రేకు స్విచ్ వల్ల అయితే మోటరు ఒక్కటే ఆగాలి, స్క్రీన్ వెలుగుతూనే ఉండాలి. నాకు స్క్రీన్ కూడా పోతోంది. అంటే కరెంటు మొదట్లోనే తెగుతోంది, బ్యాటరీ దగ్గరే ఎక్కడో. సీటెత్తి బ్యాటరీ మీద ఉండే లావు ప్లగ్గు పీకి చూశాను, మళ్ళీ గుచ్చాను. బిగుతుగానే ఉంది. ఊపి చూశాను. ఏం కాలేదు.

చేతులు నల్లగా చేసుకుని పైకి వచ్చాను. మా ఆయన నా చేతులు చూసి, ఉన్నది కూడా పాడుచేసి పెట్టకు అన్నాడు. వెళ్ళి చేతులు కడుక్కున్నాను. అక్కడే ఉంటే ఏం అనేదాన్నో నాకే తెలీదు.

జూన్ 11, బుధవారం

ఇవాళ్టిది కూడా రాస్తున్నాను. కోపంతోనే.

కిడ్నీ జబ్బు పిల్ల ఉంది, ఆరేళ్ళది. ప్రతి బుధవారం దానికి రక్తం తీయాలి. నరాలు దారప్పోగుల్లా ఉంటాయి, ఎవరికీ ఓ పట్టాన దొరకవు. ముందు వచ్చిన అబ్బాయి నాలుగైదు చోట్ల పొడిచాడని అది వాళ్ళమ్మ కొంగు చాటుకి పోయి దాక్కునేదట. నాకు మాత్రం చెయ్యి ఇస్తుంది. అది నాకు పెట్టిన పేరు దోమక్క. నేను వెళ్ళగానే, దోమక్కా ఇవాళ కొంచెమే తాగు అంటుంది. మొదటి సూదికే దొరికింది ఇవాళ. అది కిక్కురుమనలేదు. నేనే గొప్పగా ఫీలయ్యాను.

రైలు గేటు దాటగానే బండి పోయింది. ఈసారి ఎంతకీ రాలేదు. తాళం తిప్పుతాను, ఏమీ లేదు. తోస్తాను, ఆగుతాను, తిప్పుతాను, ఏమీ లేదు. నెత్తిన ఎండ. ఒకాయన ఆగి, పెట్రోలు అయిపోయిందా అమ్మా అని అడిగాడు. ఆయన మీద అరిచాను, పాపం. చివరికి ఆటో పట్టుకుని డబ్బాతో ల్యాబ్‌కి వెళ్ళేసరికి చాలా ఆలస్యమైంది. ఆ పిల్ల ట్యూబ్ పనికిరాదన్నారు. పొటాషియం లెక్క తప్పు వస్తుంది, మళ్ళీ తెమ్మన్నారు.

ఇన్‌ఛార్జ్ మేడం పక్కకి పిలిచింది. అరవలేదు. అరిచినా బాగుండేది. నెల తిరిగేలోగా నీ బండి సంగతి తేల్చుకో, లేకపోతే నీ రూటు వేరేవాళ్ళకి ఇచ్చి నిన్ను కౌంటర్లో కూర్చోబెడతాను అంది. కౌంటర్లో కూర్చుంటే చల్లగా ఫ్యాన్ కింద ఉండొచ్చు కదా అని కూడా అంది. దయగా అనుకుంటోంది.

తిరిగి ఆ ఇంటికి వెళ్ళాను. పిల్ల నన్ను చూసి సంతోషపడింది, ఊరికే వచ్చాననుకుంది. సూది తీసేసరికి దాని మొహం మారిపోయింది. పొద్దున్న ఇచ్చాను కదా దోమక్కా అంది.

ఏం చెప్పను? బండి బాగానే ఉందట తల్లీ, నాకే నడపడం రాదట అని చెప్పనా?

జూన్ 12, గురువారం

ఆగలేదు. గతుకు కనిపించినప్పుడల్లా మాత్రం ముందే పక్కకి తీశాను.

జూన్ 13, శుక్రవారం

ఇంట్లో సభ జరిగింది. మరిది వచ్చాడు. మనిషి మంచివాడే. తిండి దగ్గరా నవ్వు దగ్గరా లోటు చెయ్యడు, ఒళ్ళు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. వదినా రెండ్రోజులు నాకియ్యి, ఎందుకాగుతుందో నేను తేలుస్తా అన్నాడు. సరే అని ఇచ్చాను. నా పనికి బస్సులో పోతాను, మీరే చూడండి అన్నాను. పందెం గెలిచేస్తాననుకున్నాను, నా మొహం.

జూన్ 16, సోమవారం

ఒక్కసారి కూడా ఆగలేదట. ఊరంతా తిప్పాడట. వాన నీళ్ళలో కూడా పోనిచ్చాడట.

తీర్పు వచ్చేసింది. మరిదికి వచ్చే నెలనుంచి కొత్త ఉద్యోగం, రోజంతా షాపులు తిరగాలి. బండి వాడికి ఇచ్చేద్దాం, వాడి చేతిలో బాగా నడుస్తోంది అన్నాడు మా ఆయన. నెలాఖరు ఆదివారం వచ్చి తీసుకెళ్తాడట. నన్ను అడగలేదు, చెప్పాడు. నా రూటు ఏం కావాలి అంటే, కౌంటర్లో కూర్చోమన్నారుగా, మంచిదేగా, ఎండలో తిరిగే బాధ తప్పుతుంది అన్నాడు. అది నా జీతంతో కొన్న బండి. కాగితాలు ఆయన పేరు మీద ఎందుకు రాయించానో, ఆ రోజు నా బుర్ర ఏ గడ్డి మేసిందో.

అత్తయ్య, పోనీలే అమ్మాయ్, ఎముకలు విరగ్గొట్టుకునే కంటే నయం అంది. మంచికే అందేమో. ఆ మంచి నాకు వద్దు.

తర్వాత ఇద్దరం నవ్వు మొహాలు పెట్టుకుని బయటికి వెళ్ళాం. మా ఆయన నడిపాడు, నేను వెనక కూర్చున్నాను. దారిపొడుగునా చూశావా, చూశావా అంటూనే ఉన్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా తల వెనక్కి తిప్పి నవ్వుతున్నాడు. బండి నిజంగానే ఎక్కడా ఆగలేదు. ఆగు ఆగు అని లోపల నేను దాన్ని బతిమాలుకుంటున్నాను. ఎంత సిగ్గుచేటు.

జూన్ 17, మంగళవారం

నిజంగా తప్పు నాదేనేమో అనిపించింది ఇవాళ. అలా అనిపించినందుకు ఇంకా ఒళ్ళు మండింది.

జూన్ 18, బుధవారం, మధ్యాహ్నం

బతికే ఉన్నాను కాబట్టి రాస్తున్నాను.

ఆ పిల్ల ట్యూబ్ తీసుకుని వస్తున్నాను. నాలుగు రోడ్ల కూడలి. పచ్చ లైటు పడింది, బయల్దేరాను, రోడ్డు మధ్యలో రెండు గుంతల మధ్య చచ్చింది. కుడివైపు నుంచి కంకర లారీ. ఆ లారీవాడు బ్రేకు వేసిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. వాడి బంపర్ మీద ఏ రంగు పువ్వు గీసి ఉందో కూడా చెప్పగలను. వాడు దిగి నన్ను తిడతాడనుకున్నాను. పాపం స్టీరింగ్ మీద తల పెట్టుకుని కూర్చుండిపోయాడు.

డివైడర్ దగ్గరికి తోసుకెళ్ళి స్టాండు వేశాను. అప్పుడు నాకు వచ్చిన కోపం కోపం కాదు. అరికాలి మంట నెత్తికెక్కింది. చచ్చేదాన్ని కదే, చచ్చేదాన్ని కదే అంటూ నడిరోడ్డు మీద ఆ బండి సీటుని రెండు పిడికిళ్ళతో బాదాను. జనం చూస్తున్నారు. చూడనీ. బాదాను.

లైట్లు వెలిగాయి.

తాళం తిప్పే ఉంది కదా. ఇంకో గుద్దు గుద్దాను. ఆరిపోయాయి. ఇంకోటి గుద్దాను. వెలిగాయి. కోపం ఎటు పోయిందో పోయింది. నోరు తెరుచుకుని నిలబడ్డాను. సీటు మీద మోచెయ్యి ఆనించి బలంగా నొక్కి ఉంచి, రెండో చేత్తో బండిని ఊపాను. వెలుగుతూనే ఉంది. మోచెయ్యి తీసి ఊపాను. ఆరిపోయింది.

నొక్కితే ఉంటుంది. నొక్కకపోతే పోతుంది.

మా ఆయన, నో ఫాల్ట్ గారు, మరిది. ముగ్గురిలో ఎవరు కూర్చున్నా సీటు అణిగి కింద ప్లగ్గుని నొక్కుతోంది. ఇద్దరం ఎక్కినా అంతే. నేను ఒక్కదాన్నే ఎక్కితే సీటుకి నేనెక్కినట్టే తెలీదు. నలభై ఒక్క కేజీలు. ల్యాబ్‌లో అందరూ గాలొస్తే ఎగిరిపోతావు అని ఆటపట్టిస్తుంటారు.

నాకు నడపడం రాకపోవడం కాదు బండి రోగం. దాని రోగం నా బరువుకే బయటపడుతోంది. ఇన్నాళ్ళూ పరీక్ష చేసిందంతా ఆ రోగం రానివాళ్ళు.

ట్యూబ్ టైముకే చేర్చాను. ఎడం చేత్తో సీటు అంచు పట్టుకుని కిందికి లాక్కుంటూ, ఒంటి చేత్తో నడిపి చేర్చాను. చెయ్యకూడని పని. చేశాను.

జూన్ 19, గురువారం

సీటు పూర్తిగా విప్పి తిరగేశాను. అడుగున ప్లగ్గుకి సరిగ్గా పైన రెండు నల్లటి జిగురు మరకలు. ఏవో రెండు ముక్కలు అతికించి ఉండేవి, ఇప్పుడు లేవు. లావు ప్లగ్గు లోపల ఒక పిన్ను కాలి గోధుమ రంగులోకి తిరిగింది. పట్టు పోయింది దానికి.

ఈ సీటు మే నెలలో చేయించింది. నాకు నడుం నొప్పి అంటే మా ఆయన తనే తీసుకెళ్ళి, తన స్నేహితుడి దుకాణంలో మెత్తటి స్పాంజి వేయించి, ఎర్ర రెక్సిన్ కుట్టించి తెచ్చాడు. వచ్చినవాళ్ళందరికీ నొక్కి మరీ చూపించాడు. నాకూ నచ్చింది, అబద్ధమెందుకు. అప్పటిదాకా ఈ బండి ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆ దుకాణానికి వెళ్ళి అడిగాను. అవునండీ, అడుగున ఏవో రెండు రబ్బరు దిమ్మెలు ఉన్నాయి, రెక్సిన్ లాగి పిన్నులు కొట్టడానికి అడ్డొచ్చాయి, పీకేశాను అన్నాడు. అవి ఎందుకుంటాయో తెలీదా అంటే, సీటుకి రబ్బరెందుకండీ, అక్కర్లేదనుకున్నాను అన్నాడు. పారేశాడట. ఆ దిమ్మెలు ప్లగ్గు కదలకుండా అదిమి పట్టుకునేవి.

అతన్ని తిట్టలేదు. నిజంగా తెలీదు అతనికి. తెలిసీ తెలీనట్టు మాట్లాడినవాళ్ళ మీదే నా కోపం.

జూన్ 21, శనివారం

అందరినీ కిందికి పిలిచాను. మా ఆయన, అత్తయ్య, మరిది. చెబితే నమ్మరని నాకు తెలుసు. సీటు సంగతి అనగానే మా ఆయన మొహం ముడుచుకున్నాడు. సీటుకీ కరెంటుకీ సంబంధం ఏంటి, ఎవరైనా వింటే నవ్వుతారు అన్నాడు. నవ్వనీ అన్నాను.

బండిని పెద్ద స్టాండు మీద నిలబెట్టాను. ముందు మా ఆయన్ని కూర్చోమన్నాను. యాక్సిలరేటర్ తిప్పమన్నాను. వెనక చక్రం గాల్లో గిర్రున తిరుగుతుంటే నేను క్యారియర్ పట్టుకుని గతుకుల్లో పోయినట్టు కుదిపాను. ఏం కాలేదు. మరిదితోనూ అంతే. చూశావా అన్నాడు మా ఆయన.

అప్పుడు అత్తయ్యని కూర్చోమన్నాను.

ఆవిడ పుల్లలా ఉంటుంది, నాకంటే రెండు కేజీలు తక్కువే ఉంటుంది. నేనా, ఇప్పుడా, ఈ వయసులోనా అంది. జీవితంలో బండి హ్యాండిల్ పట్టుకోలేదట. చీర కుచ్చెళ్ళు దోపుకుని, కాలు అటు వేయడానికి అవస్థ పడి, మొత్తానికి ఎక్కింది. తిప్పండి అత్తయ్యా అన్నాను. తిప్పింది. చక్రం తిరిగేసరికి ఆవిడ మొహంలో నవ్వు రాబోయింది. వెనకనుంచి కుదిపాను.

పోయింది. స్క్రీన్, లైటు, చక్రం, అన్నీ.

అమ్మో అంది ఆవిడ. మళ్ళీ తిప్పమన్నాను, మళ్ళీ కుదిపాను, మళ్ళీ పోయింది. మా ఆయన్ని ఎక్కమన్నాను, పోలేదు. ఆవిడ్ని ఎక్కమన్నాను, పోయింది. మరిది నోరు తెరిచాడు. వదిన చెప్పింది నిజమే అన్నయ్యా అన్నాడు. మరిది అన్నాడు కాబట్టి నిజమైంది.

మా ఆయన కాసేపు సీటు కింద చూసి, తర్వాత నవ్వాడు. నువ్వు నాలుగు ముద్దలు ఎక్కువ తినుంటే ఇంత గొడవ ఉండేదే కాదు అన్నాడు. ఇద్దరన్నదమ్ములూ నవ్వుకున్నారు. లారీ సంగతి అప్పుడు చెప్పాను. కూడలి, గుంతలు, బంపర్ మీద పువ్వు, అన్నీ చెప్పాను. నవ్వు ఆగింది. క్షమించు అనే మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

అత్తయ్య ఇంకా బండి మీదే కూర్చుని ఉంది. హ్యాండిల్ వదల్లేదు. ఇది రోడ్డు మీద ఇలాగే పోయేదా అని అడిగింది. ఇలాగే అన్నాను. వెనకనుంచి బస్సులు వస్తుంటేనా అంది. అవును అన్నాను. దిగడానికి నా భుజం పట్టుకుంది.

జూన్ 24, మంగళవారం

నో ఫాల్ట్ గారి దగ్గరికి వెళ్ళాను. కాలిన పిన్ను చూపించి, మరకలు చూపించి, అతన్నే పక్కన నిలబెట్టి, నేనెక్కి చూపించాను. చాలా రేర్ కేస్ మేడం అన్నాడు. రేర్ ఏముంది, మీ దగ్గరికి వచ్చే ఆడపిల్లల్లో సగం మంది నా బరువే ఉంటారు, ఒక్కళ్ళనైనా ఎక్కించి చూశారా అన్నాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి కంప్యూటర్ వెనక తల దించుకుని నవ్వింది.

ప్లగ్గు మార్చారు. కొత్త రబ్బరు దిమ్మెలు అతికించారు. వచ్చేటప్పుడు గతుకుల సందులోంచి కావాలని వచ్చాను, అదీ రెండుసార్లు. స్క్రీన్ రెప్ప కూడా వెయ్యలేదు. గట్టిగా అరిచాను సంతోషంతో. ఒక కుక్క లేచి పారిపోయింది.

జూన్ 25, బుధవారం

మొదటి సూదికే దొరికింది. టైముకి చేరింది. ఇన్‌ఛార్జ్ మేడం రూటు నీదే అంది. వచ్చే బుధవారం కూడా నువ్వే రావాలి అని పిల్ల నా చేత ఒట్టు వేయించుకుంది.

జూన్ 27, శుక్రవారం

ఇంతకంటే కోపం రాదనుకున్న ప్రతిసారీ ఇంకొంచెం చోటు ఉంటుంది కాబోలు.

భోజనాల దగ్గర మా ఆయన, ఎల్లుండి తమ్ముడు వస్తాడు, బండి కడిగించి ఉంచు అన్నాడు. నేను వినలేదనుకుని మళ్ళీ అన్నాడు. బాగైందిగా ఇంకెందుకు ఇవ్వడం అన్నాను. బాగైంది కాబట్టే ధైర్యంగా ఇవ్వచ్చు అన్నాడు. అక్షరాలా అదే అన్నాడు. ఆగుతున్నప్పుడు నాకు నడపడం రాదు కాబట్టి వాడికి. ఆగడం మానేస్తే బాగుంది కాబట్టి వాడికి. ఎటు తిప్పినా బండి ఆ ఇంటికే పోతుంది!

నేను రూటు, ల్యాబు, ఆ పిల్ల, అన్నీ చెప్పాను. మొత్తం నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. మాట ఇచ్చేశాను, వాడు ఉద్యోగంలో బండి ఉందని చెప్పుకున్నాడు, ఇప్పుడు లేదంటే వాడి పరువేం కావాలి అన్నాడు. మరి నా మాట? ఆరేళ్ళ పిల్లకి నేనిచ్చింది మాట కాదా? చిన్న విషయానికి పెద్ద రాద్ధాంతం చెయ్యకు, నీకు బస్సుంది అన్నాడు. బస్సులో ఐస్ డబ్బా పెట్టుకుని రెండు బస్సులు మారి ఆ ట్యూబ్ ఎప్పటికి చేరుస్తానో ఆయనే చెప్పాలి.

అప్పుడు అత్తయ్య నోరు విప్పింది. ఈ ఇంటికి వచ్చిన ఆరేళ్ళలో నా పక్షాన ఆవిడ మాట్లాడటం ఇదే మొదలు. ఆ బండి అమ్మాయిదిరా, అది కొనుక్కున్నది, రోగం కనిపెట్టింది కూడా అదే, నువ్వెవరివి ఇవ్వడానికి అంది. చిన్న గొంతుతోనే అంది.

నీకు తెలీదులే అమ్మా, నువ్వూరుకో అన్నాడు. చారు వడ్డించు అన్నాడు.

ఆవిడ వడ్డించలేదు. గిన్నె బల్ల మీద పెట్టి, చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్ళిపోయింది. ఆయన తనే వడ్డించుకున్నాడు. బల్ల మీద ఒలికింది. నేను తుడవలేదు.

జూన్ 28, శనివారం

బ్యాటరీ ఎలా తీస్తారో చూపించమంది అత్తయ్య. ఎందుకని నేనడగలేదు, ఆవిడా చెప్పలేదు.

జూన్ 29, ఆదివారం, పొద్దున్న పదిన్నర

మరిది వచ్చాడు. సీటెత్తి చూసినట్టున్నాడు, కింద కేకలు వినిపిస్తున్నాయి.

బ్యాటరీ మంచం మీద ఉంది. దానికి అటు అత్తయ్య, ఇటు నేను. రాత్రే మా ఆయన దాన్ని తమ్ముడి కోసం బండిలో పెట్టేశాడు. తెల్లారగానే నేను కిందికి దిగేసరికి ఆవిడ అప్పటికే దాన్ని సగం పైకి లాగి, మొయ్యలేక మెట్ల మీద కూర్చుని రొప్పుతోంది. చెరో పక్కా పట్టుకుని తెచ్చాం. గడియ ఆవిడే వేసింది.

మా ఆయన తలుపు కొడుతున్నాడు. మొదట నా పేరు పెట్టి పిలిచాడు. ఇప్పుడు అమ్మా, అమ్మా అంటున్నాడు.

కొట్టనీ.